నాదస్వరమునకు నలువదిరెండేండ్ల నిరీక్షణము

నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పేరు తలంచినప్పుడెల్ల మన సభాధ్యక్షులును, అమాత్యులును, పత్రికలవారును ఒక్కటే మాట వల్లించుచున్నారు: ముస్లిముగా జన్మించియు రామకీర్తనలు వాయించినాడు, శ్రీరంగనాథుని సన్నిధిని స్థిరపడినాడు, మతసామరస్యమునకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెనని. 2020లో నాదస్వర విద్వాంసులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఇదే మాట. 2022లో గోసవీడు షేక్ హసన్ గారికి మరణానంతరము అదే బిరుదము వచ్చినప్పుడును ఇదే మాట. ఒక విద్వాంసుని రాగాలాపనను గూర్చి ఒక్క వాక్యమైనను పలుకక, అతడు ఏ మతమున పుట్టి ఏ దేవుని కొలిచెనో చెప్పి చప్పట్లు కొట్టించుట సత్కారమని నేనొప్పుకొనజాలను. అతని విద్యను వినకుండుటకు మనము కనిపెట్టిన మర్యాదైన ఉపాయమది.

ఈ పొగడ్తలలో ఎవ్వరును ఎత్తని లెక్క యొకటి కలదు. కర్ణాటక సంగీతమునకు పరమోన్నత గౌరవమని ఎంచబడు సంగీత కళానిధి బిరుదమును మద్రాసు సంగీత అకాడమీ 1956లో తిరువీళిమిళలై సుబ్రహ్మణ్య పిళ్లైకి ఇచ్చినది. అటుపిమ్మట మరియొక నాదస్వర విద్వాంసుని, అనగా మన చినమౌలానాను, ఆ పీఠముపై కూర్చుండబెట్టినది 1998లో. నడుమ నలువదిరెండేండ్లు! గాత్రజ్ఞులు, వైణికులు, ఫిడేలు మృదంగ విద్వాంసులు వరుసగా ఆ గౌరవమందుచుండగా, ప్రతి సభకును మంగళారంభము చేయు వాద్యము మాత్రము నలువదిరెండేండ్లు గుమ్మమువద్దనే నిలిచియుండెను. తోడిరాగమునకు పర్యాయపదమువలె బ్రదికిన తిరువావడుదురై రాజరత్నం పిళ్లై 1956లోనే ఆ బిరుదము లేకయే కన్నుమూసెను; కారుకురిచ్చి అరుణాచలము 1964లో అట్లే పోయెను. చినమౌలానాకు అది అందునప్పటికి డెబ్బదినాలుగేండ్ల వృద్ధుడు. 1999 ఏప్రిలులో, కొన్ని నెలలకే, పరమపదించెను. 2009లో డోలు విద్వాంసుడు వలయపట్టి సుబ్రహ్మణ్యమును అకాడమీ మన్నించిన మాట నిజమే. కాని సన్నాయి ఊదువానికి 1998 తరువాత ఆ పిలుపు మరల రాలేదు.

కారణము సంగీతమున లేదు. గుక్క తిప్పుకొనుటకు వీలీయని వాద్యముపై గంటలకొలది రాగమును విస్తరించు విద్యను, రెల్లుపీకను పెదవుల ఒత్తిడితోనే అదిమి గమకమును పలికించు నేర్పును తక్కువ చేసి మాటలాడిన సంగీతజ్ఞుని నేనెరుగను. కారణము ఊదువాని పుట్టుకలో నున్నది. అరవదేశమున ఇసైవెల్లాలురు, తెలుగుదేశమున నాయీబ్రాహ్మణులు, మన గుంటూరు ప్రకాశము సీమలలో వారితోపాటు ముస్లిములు ఈ వాద్యమును తరతరములుగా మోసినారు. ఊరేగింపు ముందు నడచుచు, పందిట నొకమూల నిలుచుండి వాయింపవలసినవారిగా లోకము వారిని భావించినది. వేదికపై కూర్చుండి వాయించు హక్కునకై రాజరత్నం పిళ్లై అంతటివాడు పంతము పట్టవలసివచ్చెను. మన పెండ్లిండ్లలో నేటికిని చూడుడు: సన్నాయి విద్వాంసుడు కల్యాణి రాగమును కూర్చుకొనుచు తారస్థాయి నందుకొనబోవు క్షణమున పురోహితుడు చేయెత్తి గట్టిమేళమనును, రాగము నడిమధ్యన తెగును, డోలు ఉరుమును, అక్షతలు రాలును. తంతు ముగిసిన పిదప ఆ రాగమును మరల ఎత్తుకొమ్మని అడిగిన పెండ్లిపెద్ద యెవడు?

ఈ వ్యాధి మనకొక్కరికే లేదు. అమెరికాలో రాక్ సంగీతమునకు పునాది వేసినవారు నల్లజాతి కళాకారులు. చర్చిపాటలను విద్యుద్గిటారుపై ఉరికించిన సిస్టర్ రొసెట్టా థార్ప్ 1973లో మరణించగా, రాక్ కళాకారుల కీర్తిమందిరము ఆమెకు తలుపు తెరచినది 2018లో, నలువదియైదేండ్లు! ‘హౌండ్ డాగ్’ పాటను ముందుగా రికార్డు చేసినది బిగ్ మామా థార్న్‌టన్. ఆ పాటతో లోకము నేలినవాడు శ్వేతజాతీయుడగు ఎల్విస్ ప్రెస్లీ. థార్న్‌టన్‌కు ఆ మందిరమున చోటు దక్కినది 2024లో. ఆ మందిర స్థాపకులలో నొకడైన యాన్ వెన్నర్, రాక్ దిగ్గజములతో తాను జరిపిన సంభాషణల గ్రంథమున నల్లవారికిని స్త్రీలకును చోటేల లేదని 2023లో అడుగగా, తమ సంగీతమును గూర్చి ఆ స్థాయిలో వివరింపగల వాక్పటిమ వారికి లేదను అర్థమున బదులు చెప్పి, పాలకమండలి పదవిని పోగొట్టుకొనెను. మేళగాండ్రకు చేతినేర్పే గాని శాస్త్రము తెలియదని మన పండితులు చెప్పుచు వచ్చినదియు అక్షరాల ఇదే. వాయించువానికి ప్రతిభ నొప్పుకొని జ్ఞానమును నిరాకరించుట ఏ ఖండమునందైనను ఒకే పద్ధతిని సాగుచున్నది.

ఇక మన పాలును చెప్పుకొనవలెను. చీరాలనుండి ఒంగోలు పోవు రైలునకు ఒంగోలుకు ముందు తగులు స్టేషను కరవది. చినమౌలానా 1924లో జన్మించినది ఆ యూరనే. చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబు వద్ద నాదస్వరమును అభ్యసించినది ఈ మిరపచేల నడుమనే. తంజావూరు బాణీకై నాచ్చియార్‌కోయిల్ సోదరుల నాశ్రయించిన పిదప, ఆయన శ్రీరంగమున స్థిరపడి, అక్కడనే ఆశ్రమము స్థాపించి శిష్యులను తీర్చెను. ఆయన శిష్యులైన సుభానీ దంపతులును తెలుగువారే. 2020 పద్మపురస్కారముల పట్టికలో వారి పేర్లకెదుట నున్న రాష్ట్రము తమిళనాడు. తప్పు పట్టిక వ్రాసినవారిది కాదు. ఇల్లు, శిష్యులు, కచేరీలు ఎచ్చట దొరకెనో అచ్చటివారైరి. కన్నవారమని మనము చెప్పుకొనుటకు హక్కు మిగిలినదా?

మతసామరస్యము అల్పవిషయమని నేననను. ఈ విద్వేషకాలమున అది అపురూపమే. తిరుపతి దేవస్థానమువారు నాదస్వర డోలు పాఠశాల నడుపుచున్నారనియు ఎరుగుదును. కాని సామరస్యమును పొగడుటకు చినమౌలానాయే ఏల, ఏ సాహెబుగారి పెద్దమనసైనను చాలునుగదా! ఆయనను ప్రత్యేకించి తలపవలసినది ఆయన వాద్యముకొరకు. డప్పు విషయమునను మన ప్రభుత్వముల దృష్టి ఇట్టిదే: డప్పు కళాకారునకు పింఛను ఇచ్చుచున్నవి, అది న్యాయమే, కాని ఆ దరువులు లయశాస్త్రములో నొక అధ్యాయమని గుర్తించుటకు ఆ ప్రభుత్వములకు మనసొప్పదు. ఒకనికి జాలి, మరొకనికి సామరస్యపు దండ. విద్వాంసుడను మాట మాత్రము ఇద్దరికిని లేదు.

చీరాల, బాపట్ల, ఒంగోలు సభలవారికి నేను చెప్పునది సూటిగా చెప్పెదను. మీ ఉత్సవములలో సన్నాయిని అతిథులు వచ్చుదాక వాయించి ఆపు మంగళవాద్యముగా ఇకపై పిలువకుడు. సాయంకాలపు ప్రధానకచేరీని, గాయకునికిచ్చు సంభావనతో, మూడుగంటలు నిండుగా నాదస్వర విద్వాంసునికిండు. నడుమ ఉపన్యాసములు పెట్టకుడు. కరవదిలో జీతము గల నాదస్వరాచార్యుని నియమింపుమని ప్రభుత్వమును నిలదీయుడు. అంతవరకు చినమౌలానా మతమును గూర్చి మీ వేదికలపై ఎవ్వరును ప్రసంగింపవలదు.