పెంచినవాళ్లను పంపేస్తారు, పేరున్నవాళ్లను కొంటారు

సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు డబ్బు లేక కప్పు రాలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మంచి కోచ్‌లు దొరకలేదన్నా ఒప్పుకోను. 2016 మే 29న బెంగళూరులో కోహ్లీ జట్టు మీద 8 పరుగుల తేడాతో గెలిచిన కప్పు ఒకటుంది. ఆ తర్వాత 2025 సీజన్ దాకా రెండోది రాలేదంటే కారణం ఒక్కటే. తన చేతుల్లో పెరిగిన ఆటగాడి విలువ ఈ యాజమాన్యానికి తెలియదు. వాణ్ని వదిలేసి, ఇంకెక్కడో పేరు తెచ్చుకున్నవాణ్ని కోట్లు పోసి తెస్తుంది. ఆ వచ్చినవాడు ఆడకపోతే ఏడాదికే వాణ్నీ సాగనంపుతుంది. మళ్లీ వేలానికి పోయి చెయ్యెత్తుతుంది.

హైదరాబాద్ పేరున్న జట్టు గురించి మార్కాపురంలో, కంభంలో, గిద్దలూరులో కూర్చున్నవాడికి ఇంత మంట ఎందుకంటారా? ఆంధ్రప్రదేశ్‌కు ఐపీఎల్ జట్టు లేదు. తెలుగువాడు మనదని చెప్పుకోవడానికి ఉన్నది ఇదొక్కటే. ఉప్పల్‌లో మ్యాచ్ ముగిసేది రాత్రి పదకొండు దాటాక. శ్రీశైలం దారిన తిరిగొద్దామంటే రాత్రిపూట నల్లమలలో చెక్‌పోస్టు గేట్లు మూసేస్తారు. సాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం మీదుగా తెల్లవార్లూ ప్రయాణం చేస్తేగాని ఇల్లు చేరలేం. మమ్మల్ని రమ్మని ఎవరూ బతిమాలలేదు, నిజమే. అయినా అలా పోయేవాళ్లుండబట్టే కదా టీవీలో ఉప్పల్ అంతా నారింజ రంగులో వెలిగిపోతోంది!

మనుషుల్ని అటూ ఇటూ మార్చే ఆట ఉమ్మడి ప్రకాశంలోని మా పడమటి ప్రాంతానికి కొత్తదేం కాదు. అసలు 1970లో మమ్మల్నే కర్నూలు జిల్లాలోంచి తీసి, కొత్తగా పెట్టిన ఒంగోలు జిల్లాలో కలిపారు. ఇక రాజకీయం చూడండి. గిద్దలూరులో 2014లో ముత్తుముల అశోక్‌రెడ్డిది వైఎస్సార్‌సీపీ, అన్నా రాంబాబుది తెలుగుదేశం. 2019 వచ్చేసరికి పోటీలో ఉన్నది అవే రెండు ముఖాలు, కండువాలు మాత్రం తారుమారు. ఆ ఎన్నికలో 81 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచిన రాంబాబును 2024లో వైఎస్సార్‌సీపీ మార్కాపురానికి పంపింది. మార్కాపురం ఎమ్మెల్యే కుందూరు నాగార్జునరెడ్డిని గిద్దలూరుకు తెచ్చింది. ఇద్దరూ ఓడారు. రాష్ట్రమంతా గాలి ఎదురుగా వీచిన ఎన్నికే అది, కాదనను. కానీ గిద్దలూరులో తేడా వెయ్యి ఓట్లు కూడా లేదు. కుదురుకున్నవాణ్ని కదిలిస్తే ఎంత నష్టమో వెయ్యి ఓట్ల దగ్గర తెలుస్తుంది. ఆ పార్టీని నిలదీయడానికి ఓటరుకు ఐదేళ్లకోసారి ఒక బటనైనా ఉంది. క్రికెట్ అభిమానికి అదీ లేదు.

సన్‌రైజర్స్ చేసిన పనుల్లో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది 2021 నాటి వార్నర్ వ్యవహారం. ఈ జట్టుకు కప్పు తెచ్చిన కెప్టెన్ అతను. 2016లో ఒక్క సీజన్లోనే 848 పరుగులు చేశాడు. 2015, 2017, 2019ల్లో ఆరెంజ్ క్యాప్ అతనిదే. 2021లో మొదటి ఆరు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచాం, అతని బ్యాటూ మునుపట్లా ఆడలేదు. సరే, మే 1న కెప్టెన్సీ తీసేశారు. తర్వాతి మ్యాచ్‌లో జట్టులోంచే తీసేశారు. చివరికి అతను గ్యాలరీలో కూర్చుని జెండా ఊపాడు. కారణం తనకెవరూ చెప్పలేదని తర్వాత ఇంటర్వ్యూల్లో అతనే అన్నాడు. అదే ఏడాది నవంబర్‌లో టీ20 ప్రపంచకప్‌ను ఆస్ట్రేలియా గెలిస్తే, ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ ఎవరనుకున్నారు? మనం పనికిరాడని కూర్చోబెట్టిన వార్నరే. బుట్టబొమ్మ పాటకు స్టెప్పులేసి మన పల్లెల్లో పిల్లలకు కూడా చుట్టమైపోయిన మనిషిని గౌరవంగా సాగనంపడం కూడా చేతకాలేదు వీళ్లకు. అతన్ని తీసేశాకైనా బాగుపడ్డామా? మూడే మూడు విజయాలతో అట్టడుగున మిగిలాం.

ఆ వెంటనే రషీద్ ఖాన్. 2017లో 4 కోట్లకు తెచ్చి, ప్రపంచంలోనే మేటి టీ20 స్పిన్నర్‌గా ఎదిగేదాకా ఆడించింది ఈ జట్టే. 2022కు విలియమ్సన్‌ను 14 కోట్లకు, సమద్, ఉమ్రాన్ మాలిక్‌లను చెరో 4 కోట్లకు ఉంచుకుంది. రషీద్ గుజరాత్‌కు వెళ్లాడు. ఆ జట్టు ఆడిన మొదటి ఏడాదే కప్పు కొట్టింది. మరి ఎవరి కోసం రషీద్‌ను పోగొట్టుకున్నామో ఆ విలియమ్సన్? ఒక్క సీజన్ కాగానే వదిలేశారు. ఇదీ వీళ్ల దూరదృష్టి!

సిరాజ్ కథ తలుచుకుంటే ఇంకా మండుతుంది. హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు. 2017లో 2.6 కోట్లకు కొన్నారు. ఆరు మ్యాచ్‌ల్లో 10 వికెట్లు తీశాడు. మరుసటి ఏడాది అదే ధరకు బెంగళూరు ఎత్తుకుపోతుంటే చూస్తూ కూర్చున్నారు. 2025 ఏప్రిల్ 6న గుజరాత్ జెర్సీలో అదే ఉప్పల్‌కు వచ్చి, నాలుగు ఓవర్లలో 17 పరుగులకు 4 వికెట్లు తీసి మనల్నే కొట్టాడు. సొంత ఊరివాడు సొంత మైదానంలో పరాయి జట్టుకు మ్యాచ్ గెలిపిస్తుంటే, చప్పట్లు కొట్టాలో తల పట్టుకోవాలో తెలియలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు ఊరికే అనలేదు. తిలక్ వర్మ కూడా హైదరాబాదే. 2022లో 1.7 కోట్లకు ముంబై తీసుకుంది. ఆ 1.7 కోట్లు మన దగ్గర లేవా?

“మెగా వేలమన్నాక రూల్స్ ఉంటాయి, అందర్నీ ఉంచుకోలేరు” అని వీళ్లను వెనకేసుకొచ్చేవాళ్లు చెబుతారు. ఒప్పుకుందాం. 2025కు ముందు క్లాసెన్ 23, కమిన్స్ 18, అభిషేక్ 14, హెడ్ 14, నితీశ్ 6, మొత్తం 75 కోట్లు పెట్టి ఐదుగురిని ఉంచుకున్నారు. 120లో ఇంకా 45 కోట్లు చేతిలో ఉన్నాయి. పదకొండు సీజన్లు మనకు కొత్త బంతి వేసిన భువనేశ్వర్ వేలానికొచ్చాడు. 2016, 2017ల్లో వరసగా పర్పుల్ క్యాప్ తెచ్చినవాడు. బెంగళూరు 10.75 కోట్లు పెట్టి తీసుకుంది. మనవాళ్లు షమీకి 10, హర్షల్‌కు 8 పోశారు. అంటే డబ్బుంది, భువీ మీద మనసే లేదు. ఫలితం అందరూ చూశారు. తొమ్మిది మ్యాచ్‌ల్లో షమీకి 6 వికెట్లు, అంటే వికెట్టుకు కోటిన్నర పైనే. పంజాబ్ మీద నాలుగు ఓవర్లలో 75 పరుగులిచ్చాడు. అవతల జూన్ 3న ఫైనల్లో భువీ ఒకే ఓవర్లో రెండు వికెట్లు తీశాడు, పద్దెనిమిదేళ్లకు బెంగళూరు కప్పెత్తింది. షమీని ఏడాది తిరక్కుండానే లక్నోకు ఇచ్చేశారు. పెద్ద బౌలర్ అతను, తప్పు అతనిది కాదు. గాయం నుంచి లేచి వస్తున్నవాడి మీద మొత్తం బౌలింగ్ భారం మోపిన వాళ్లది.

పోనీ, ఈ యాజమాన్యం చేసిన మంచి పని ఒక్కటీ లేదా అంటే ఉంది. నా వాదనకు అసలు సాక్ష్యం అదే. 2019కి ముందు ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి ముగ్గురిని తెచ్చుకున్నారు. అందులో ఒకడు ఎవరికీ పెద్దగా తెలియని పిల్లవాడు అభిషేక్ శర్మ. ఏళ్ల తరబడి ఓపిక పట్టారు. 2022 వేలంలో 6.5 కోట్లకు మళ్లీ తెచ్చుకున్నారు. 2025 ఏప్రిల్ 12న పంజాబ్ మీద 55 బంతుల్లో 141 కొట్టి ఆ ఓపికకు వడ్డీతో సహా చెల్లించాడు. ఓపిక ఫలించిన రెండోవాడు మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి. 20 లక్షలకు వచ్చాడు. 2024లో ఎమర్జింగ్ ప్లేయర్ అయ్యాడు, ఆ డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టులో సెంచరీ కొట్టాడు. ఇప్పుడు ఇటువైపు చూడండి. 2023లో హ్యారీ బ్రూక్‌కు 13.25 కోట్లు, మయాంక్ అగర్వాల్‌కు 8.25 కోట్లు. బ్రూక్ ఈడెన్‌లో ఒక్క సెంచరీ కొట్టి, మిగతా సీజన్‌లో చేసిందంతా కలిపినా తొంభై పరుగులే. జట్టు పదో స్థానంలో నిలిచింది. అతన్నీ పంపేశారు. ఓపిక పట్టిన చోట లక్షలు కోట్లయ్యాయి, తొందరపడిన చోట కోట్లు మట్టిపాలయ్యాయి. ఈ లెక్క అర్థం కావడానికి ల్యాప్‌టాప్ పెట్టుకున్న విశ్లేషకులు కావాలా? అయినా 2025 డిసెంబర్ వేలంలో మళ్లీ అదే పాట. బెంగళూరు 8.75 కోట్లకు కొని ఒక్క సీజన్‌కే వద్దనుకున్న లివింగ్‌స్టన్‌కు మనవాళ్లు 13 కోట్లు పెట్టారు.

వీళ్లకు నిలకడ అంటే తెలియక ఇలా చేస్తున్నారనుకుంటే పొరపాటు. ఈ జట్టు యజమాని సన్ గ్రూప్‌కే దక్షిణాఫ్రికాలో సన్‌రైజర్స్ ఈస్టర్న్ కేప్ అని ఇంకో జట్టుంది. అక్కడ మార్‌క్రమ్‌ను నమ్మి పగ్గాలిచ్చారు. 2023, 2024ల్లో వరసగా రెండు కప్పులు, 2025లో ఫైనల్. అదే మార్‌క్రమ్‌ను ఇక్కడ ఒక్క సీజన్ కెప్టెన్‌గా ఉంచి దించేశారు. 2019 నుంచి 2024 లోపు ఇక్కడ కోచ్‌లు మూడీ, బేలిస్, మళ్లీ మూడీ, లారా, వెటోరి. 2022 వేలం అయ్యీ కాకముందే సహాయ కోచ్ సైమన్ కటిచ్ వెళ్లిపోయాడు. ముందు అనుకున్న ప్రణాళికను వేలంలో పక్కన పెట్టడం నచ్చకే పోయాడని వార్తలొచ్చాయి. సముద్రం అవతల కుదిరిన నిలకడ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఎందుకు కుదరదో యజమానులే చెప్పాలి.

బ్యాటింగ్ మోజు సంగతి కూడా చెప్పుకోవాలి. 2024లో ముంబై మీద 277, బెంగళూరు మీద 287 కొట్టినప్పుడు మేమూ ఈలలేశాం, అబద్ధమెందుకు? కానీ మే 26న చెన్నైలో, ఫైనల్లో 113కే కుప్పకూలాం. దాన్నుంచి నేర్చుకోవాల్సింది బౌలింగ్, నెమ్మది పిచ్ మీద నిలబడటం. వీళ్లు నేర్చుకుంది ఇంకా గట్టిగా బాదడం. 2025 మొదటి మ్యాచ్‌లో రాజస్థాన్ మీద 286 కొట్టగానే ఊరూవాడా 300 జపం మొదలెట్టింది. ఆ వెంటనే వరసగా నాలుగు ఓటములు. కోల్‌కతాలో 120కి ఆలౌట్. 300 రాలేదు, ప్లేఆఫ్స్ కూడా రాలేదు. ఆరో స్థానం మాత్రం వచ్చింది.

ఓడిన ప్రతిసారీ కెమెరా గ్యాలరీలో కావ్య మారన్ ముఖం వెతుక్కుంటుంది. ఆమె దిగాలు పడితే మీమ్, గంతేస్తే రీల్. ఆమెను చూసి జాలిపడే పనీ, జోకులేసే పనీ మనకొద్దు. ఆమె జట్టు నడిపే మనిషి, జవాబు చెప్పాల్సిన మనిషి. వేలం బల్ల దగ్గర ఎవరు ఏ లెక్క చూపించి భువీని వద్దన్నారో, లివింగ్‌స్టన్‌ను కావాలన్నారో ఒక్క విలేఖరి కూడా గట్టిగా అడగడు. మీమ్‌లకు దొరికినంత తీరిక ప్రశ్నలకు దొరకదు.

2021 ఫిబ్రవరిలో ఎమ్మెల్యే దానం నాగేందర్ హైదరాబాద్ ఆటగాళ్లు లేకపోతే ఇక్కడ మ్యాచ్‌లు ఆడనివ్వమని హెచ్చరించారు. నేనడిగేది ఆ రకం కోటా కాదు. ఊరి పేరు చూసి ఎవర్నీ ఆడించొద్దు, ఊరి పేరు చూసి ఎవర్నీ వదిలెయ్యొద్దు కూడా. మా దగ్గర కుర్రాళ్లు పలకల గనుల పక్క బీడుల్లో, ఎండిన చెరువుల్లో టెన్నిస్ బంతితో ఆడతారు. ఉమ్మడి జిల్లా సెలెక్షన్లకు పోవాలంటే మార్కాపురం నుంచి ఒంగోలు దగ్గరదగ్గర వంద కిలోమీటర్లు. గిద్దలూరు పిల్లవాడికి ఇంకా దూరం. షమీకి పోసిన 10 కోట్లలో నూరో వంతు పెడితే ఏటా వేసవి ముందు ఒంగోలు, మార్కాపురం, నంద్యాల, కడపల్లో ఓపెన్ ట్రయల్స్ పెట్టొచ్చు. అక్కడ ఇంకో నితీశ్ దొరుకుతాడని నేను హామీ ఇవ్వలేను. 13 కోట్ల విదేశీ ఆటగాడు ఆడతాడని వాళ్లూ ఇవ్వలేరు కదా!

కాబట్టి అడిగేది మూడే. ఐదేళ్లు పైబడి ఆడినవాణ్ని వదిలేటప్పుడు కారణం అతని ముఖాన, మా ముఖాన చెప్పండి. వేలంలో మొదటి పది కోట్లు బౌలింగ్‌కు, అదీ ఒళ్లు గట్టిగా ఉన్నవాడికి పెట్టండి. మన రెండు రాష్ట్రాల కుర్రాళ్లను కనీస ధరకు తెచ్చి మూడేళ్లు ఓపిక పట్టండి. ఇవేమీ చెయ్యకుండా వచ్చే వేలంలో మళ్లీ ఎవరో వదిలేసిన పెద్ద పేరుకు చెయ్యెత్తితే మేమూ ఒక పని చేస్తాం. ఆట చూస్తాం, అది మానలేం. కానీ మీ టికెట్ కొనం, మీ జెర్సీ కొనం. ఆటగాణ్ని వదిలేసినంత తేలిగ్గా మమ్మల్ని వదిలేసి, ఆ వేలంలోనే కొత్త అభిమానుల్ని కొనుక్కోండి చూద్దాం.