నెత్తిన పడకగది

రూఫ్ టెంట్ కొనేవారు ముందుగా చూస్తున్నది గుడారాన్ని. చూడాల్సింది బండి కప్పును

ఒకప్పుడు అంబాసిడర్ కారుకి పైన ఇనుప క్యారియర్ లేనిదే దూర ప్రయాణం లేదు. పెళ్లికి బయలుదేరిన కుటుంబం ట్రంకు పెట్టెలు, హోల్డాల్, అవసరమైతే బియ్యం బస్తా కూడా దాని మీదకు ఎక్కించి, తాడు రెండు చుట్లు బిగించి, దేవుడికి దండం పెట్టుకుని కదిలేది. ఆ బరువెంతో ఎవరూ తూచలేదు. తూచాల్సిన అవసరమూ పెద్దగా రాలేదు. వేగంగా పోనివ్వని రోడ్లు, మందపాటి రేకు, కప్పుకి రెండు వైపులా వాన నీరు జారడానికి పెట్టిన గట్టి అంచు కలిసి కాపాడేవి. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. క్యారియర్ మాత్రం కొత్త అవతారం ఎత్తింది. ఇప్పుడు దాని మీదకు ఎక్కుతున్నది సామాను కాదు, ఏకంగా పడకగది.

థార్, జిమ్నీ, గూర్ఖా, ఫార్చూనర్... ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవారి కోరికల చిట్టాలో రూఫ్ టెంట్‌ది ఇప్పుడు పైవరుస. స్పితి లోయలోనో, లద్దాఖ్‌లోనో, దగ్గర్లో అయితే చలికాలపు లంబసింగిలోనో బండి ఆపి, కవరు తీసి, నిచ్చెన లాగితే చాలు, ఇద్దరు పడుకునే గుడారం తయారు. ఫొటోలోనూ బాగుంటుంది. దేశంలో తయారైన టెంటు ధరే దాదాపు లక్ష రూపాయల దగ్గర మొదలవుతుంది. దిగుమతి సరుకు ధర అంతకు ఎన్నో రెట్లు కూడా ఉండొచ్చు. ర్యాక్ ఖర్చు వేరు. ఇంత డబ్బు పెట్టే మనిషి సాధారణంగా ఏం చేస్తాడు? ముందు టెంటును ఇష్టపడతాడు. తర్వాత దానికి సరిపోయే ర్యాక్ వెతుకుతాడు. చివరికి బోల్టులు బిగిస్తున్నప్పుడు 'మన బండి ఆగుతుంది కదా' అని మెకానిక్‌ని అడుగుతాడు. ఈ వరుస పూర్తిగా తిరగబడాలి. మొదట కప్పు, తర్వాత ర్యాక్, ఆఖరున టెంటు.

ఈ సరంజామా నిన్న మొన్నటిది కాదు. ఇటలీలో ఆటోహోమ్ సంస్థ 1958 నుంచే కారు మీద బిగించే గుడారాలు చేస్తోంది. తూర్పు జర్మనీలో చిన్న ట్రబాంట్ కారు మీద కూడా గుడారం వేసుకుని సెలవులకు వెళ్లారు. ఆఫ్రికా సఫారీల్లో దీనికి గిరాకీ రావడానికి కారణం చెప్పనక్కర్లేదు, అక్కడ రాత్రిపూట నేల మీద తిరిగేవి వేరే ఉంటాయి. మన దగ్గర సింహాల భయం లేకపోయినా కొండల్లో చదునైన జాగా దొరకదు. దొరికినా రాళ్లు, తడి, తేళ్లు. కాబట్టి కోరికలో తప్పు లేదు. తప్పంతా లెక్కలోనే.

ప్రతి బండికీ కప్పు మోయగల బరువును కంపెనీ నిర్ణయిస్తుంది. ఓనర్స్ మాన్యువల్‌లో ఆ అంకె ఉంటుంది, ఎవరూ తిరగెయ్యని పేజీల్లో. అది బండి కదులుతున్నప్పటి పరిమితి. ఆగి ఉన్నప్పుడు కప్పు అంతకన్నా చాలా ఎక్కువ మోస్తుంది. అందుకే 60 కిలోల టెంటులో ఇద్దరు పెద్దవాళ్లు పడుకుంటే మొత్తం 200 కిలోలు దాటినా కప్పు కుంగిపోదు. ల్యాండ్ రోవర్ కొత్త డిఫెండర్‌నే చూడండి. కంపెనీ చెప్పిన గరిష్ఠ పరిమితి నడుస్తున్నప్పుడు 168 కిలోలు, నిలిపి ఉన్నప్పుడు 300 కిలోలు. టెంట్లు అమ్మేవారు ఎక్కువగా చెప్పేది రెండో అంకె. కొనేవారికి కావలసింది మొదటిది. గుంటలో పడి లేచిన క్షణంలో 60 కిలోల టెంటు 60 కిలోల్లా ప్రవర్తించదు. కుదుపు తీవ్రతను బట్టి ఆ బరువు రెట్టింపై కప్పు మీద దిగుతుంది, మలుపులో పక్కకు లాగుతుంది, బ్రేకు వేస్తే ముందుకు తోస్తుంది. అది ఒకసారి కాదు, కాజా దారిలో రోజుకు కొన్ని వేల సార్లు.

విదేశాల్లో అమ్ముడైన మూడు తలుపుల సుజుకీ జిమ్నీ కప్పుకి కంపెనీ పెట్టిన పరిమితి 30 కిలోలు. మంచి ర్యాక్ ఒక్కటే అందులో చాలా భాగం తినేస్తుంది. 2023 జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చిన అయిదు తలుపుల జిమ్నీ సంగతి ఇంకో కోణం నుంచి చూద్దాం. బండి బరువు దాదాపు 1,200 కిలోలు. మనుషులు, సామాను సహా ఉండదగిన గరిష్ఠ బరువు 1,545 కిలోలు. మిగిలేది సుమారు 345 కిలోలు. మనిషికి 70 కిలోల చొప్పున నలుగురు ఎక్కితే 280 పోయాయి. మిగతా 65 కిలోల్లో 55 కిలోల టెంటు, 25 కిలోల ర్యాక్ పట్టవు. నీళ్ల క్యాను, స్టవ్వు, దుప్పట్లు, టూల్ బాక్సు ఇంకా లెక్కలోకి రానేలేదు. ఇద్దరే వెళితే బండి మొత్తం బరువు పరిమితిలోనే ఉంటుంది కానీ కప్పు సమస్య అక్కడే ఉంటుంది. జిమ్నీ చెడ్డ బండి అని కాదు. తేలిగ్గా ఉండటమే దాని బలం, ఆ బలం మీదే టెంటు కూర్చుంటోంది.

బోర్లాపడే ముప్పునూ అంకెల్లో చూడొచ్చు. అలాంటి బండి గురుత్వ కేంద్రం నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు. దాని మీద 1.9 మీటర్ల ఎత్తులో 80 కిలోలు పెడితే గురుత్వ కేంద్రం దాదాపు 8 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. కాగితం మీద 47 డిగ్రీల వాలు దాకా పడకుండా నిలిచే బండి 44 దగ్గరే పడిపోతుంది. మూడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. అయితే బండి కాగితం మీద నడవదు. పై బరువుకి దిగువ వైపు స్ప్రింగులు నలిగి బాడీ మరింత ఒరుగుతుంది. ఒక చక్రం రాయి ఎక్కి, రెండోది కాలువలోకి దిగిన వేళ కావలసినవి ఆ మూడు డిగ్రీలే. అలవాటైన డ్రైవరుకి మరీ ప్రమాదం. టెంటు లేనప్పుడు ఎన్నోసార్లు దాటిన వాలే కాబట్టి ధైర్యంగా దిగుతాడు.

థార్‌ది మరో కథ. 2020లో వచ్చిన మూడు తలుపుల థార్‌లో హార్డ్ టాప్ అన్నా అది ఫైబర్ కప్పు. సాఫ్ట్ టాప్ అయితే బట్టే. ఈ రెంటి మీదా నేరుగా టెంటు పెట్టే ప్రశ్నే లేదు. బరువును బాడీకి దించే బయటి ఫ్రేము కావాలి, ఆ ఫ్రేము బరువు మళ్లీ అదనం. 2024లో వచ్చిన అయిదు తలుపుల రాక్స్‌కి రేకు కప్పు ఉంది కాబట్టి ఆ చిక్కు లేదు, మాన్యువల్ చూడటం మాత్రం తప్పదు. నిజానికి ఈ పనికి అన్నిటికన్నా బాగా సరిపోయేవి ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ లాంటి పికప్‌లు. వెనుక తొట్టి మీద ర్యాక్ బిగిస్తే టెంటు కప్పు కన్నా కిందే కూర్చుంటుంది. బరువు మోయడానికే పుట్టిన చట్రం దాన్ని మోస్తుంది. మన దగ్గర టెంటు కొనేవారిలో పికప్ ఉన్నవారు తక్కువ కావడమే విచిత్రం.

ఇక ర్యాక్. జిప్సీ హార్డ్ టాప్‌కీ, జిమ్నీకీ అంబాసిడర్ లాగే కప్పు పక్కన అంచు ఉంది. దానికి పట్టే క్లాంపులు బరువును పొడవునా పంచుతాయి కాబట్టి అది మేలైన పద్ధతి. చాలా కొత్త ఎస్‌యూవీలకు అంచు లేదు, కప్పు మీద రెయిళ్లు ఉంటాయి. కొన్ని మోడళ్లలో ఆ రెయిళ్లు అలంకారం మాత్రమే, ఆ మాట కూడా మాన్యువల్‌లోనే ఉంటుంది. మన బజార్లో ఎక్కువగా దొరికేది చుట్టూ కడ్డీలున్న బుట్ట లాంటి ఇనుప క్యారియర్. చూడ్డానికి దర్జాగా ఉంటుంది. టెంటుకు మాత్రం అది అడ్డం. ఆ కడ్డీల మీదుగా పెట్టాలంటే టెంటును ఇంకా పైకి లేపాలి, బరువూ పెరుగుతుంది. రెండు మూడు అల్యూమినియం క్రాస్ బార్లు, లేదా చదునైన ప్లాట్‌ఫాం చాలు. ర్యాక్‌కీ విడిగా పరిమితి ఉంటుంది. కప్పుది, ర్యాక్‌ది, రెంటిలో ఏది తక్కువైతే అదే మీ పరిమితి. ర్యాక్ మీద 75 కిలోలని రాసి ఉంటే అది తారు రోడ్డు మాట. రైనో ర్యాక్ లాంటి ఆస్ట్రేలియా కంపెనీలు రాళ్ల దారి అయితే ఆ అంకెను ఒకటిన్నరతో భాగించమంటాయి. అంటే 75 కాస్తా 50 అవుతుంది. దాంతో సగం టెంట్లు పోటీలోంచి తప్పుకుంటాయి.

చట్టం సంగతి చాలామంది చెక్‌పోస్టు దాకా ఆలోచించరు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన నమూనాకు భిన్నమయ్యేలా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నొక్కి చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ విధించే వీలు వచ్చింది. బిగించి తీసే క్రాస్ బార్లకూ, బాడీకి రంధ్రాలు వేసి వెల్డింగ్ చేసిన ఫ్రేముకీ తేడా ఉందని వాదించవచ్చు. కానీ రోడ్డు మీద ఆ తేడాను నిర్ణయించేది ఎదురుగా నిలబడ్డ అధికారి. కంపెనీ యాక్సెసరీల జాబితాలో ఉన్న ర్యాక్‌ని షోరూం బిల్లుతో బిగించుకున్నవారికి చెప్పుకోవడానికి ఒక కాగితం అయినా ఉంటుంది. బీమా కంపెనీకి ముందే తెలియజేయడం కూడా అలాంటిదే.

ఇన్ని వడపోతల తర్వాత టెంటు ఎంపిక తేలిక, మిగిలేవి కొన్నే కాబట్టి. మడత విప్పే బట్ట టెంటు ధర తక్కువ, లోపల జాగా ఎక్కువ. అయితే సర్చులో సాయంత్రం లేచే గాలికి రాత్రంతా పటపటలాడుతుంది. గట్టి పెంకుతో పెట్టెలా తెరుచుకునేది నిమిషంలో తయారవుతుంది, గాలికి తట్టుకుంటుంది. బరువూ ధరా ఎక్కువ. బట్ట విషయంలో చలి కన్నా చెమ్మే పెద్ద శత్రువు. ఇద్దరి ఊపిరికి తెల్లారేసరికి లోపలి గోడలు చెమ్మగిల్లుతాయి, పరుపు అడుగు తడుస్తుంది. పాలీకాటన్ కాన్వాసు కొంత ఊపిరి పీల్చనిస్తుంది, పలుచని పాలిస్టర్ పీల్చనివ్వదు. వానలో మడిచిన టెంటును ఇంటికొచ్చి విప్పి ఆరబెట్టకపోతే వారంలో బూజు. అపార్టుమెంటులో ఉండేవారు ఎక్కడ ఆరబెడతారన్నది కొనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న. సెల్లార్‌లోకి బండి దూరుతుందా అన్నది ఇంకొకటి. 1.72 మీటర్ల జిమ్నీ మీద ర్యాకూ, మడిచిన టెంటూ చేరితే 2.1 మీటర్లు దాటిపోతుంది, చాలా మాల్‌ల పార్కింగ్ కమ్మీ అక్కడే ఉంటుంది.

టెంటు విప్పడానికి చోటు కూడా అనుకున్నంత సులువుగా దొరకదు. స్పితికి వెళ్లేవారంతా కలలు కనే చంద్రతాల్ సరస్సు ఒడ్డున గుడారాలు నిషిద్ధం. అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఆగడం కుదరదు. నల్లమలలో శ్రీశైలం దారి గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసే ఉంటాయి. ఆగడానికి మిగిలేది ఎక్కువగా ఏ ధాబా వెనుకో, హోంస్టే ఆవరణో. అక్కడ దిగిన తర్వాత పది అడుగుల దూరంలోనే మంచం ఉన్న గది కనిపిస్తుంది.

ఇంకో లెక్కా ఉంది. హైదరాబాద్ నుంచి మనాలికి 2,000 కిలోమీటర్ల పైమాటే. పడుకునేది నాలుగైదు రాత్రులు, గాలికి ఎదురు తోస్తూ డీజిలో పెట్రోలో ఎక్కువ తాగించేది రానూ పోనూ అంతా. తీరా అక్కడికి చేరాక 14,000 అడుగుల ఎత్తున, అర్ధరాత్రి, తలనొప్పితో, ప్యాంటు మీద ప్యాంటు వేసుకుని మూత్రానికి నిచ్చెన దిగాలి. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులనో, నిద్రలో దొర్లే పిల్లలనో తీసుకెళ్లేవారు దీన్ని గురించి ముందే మాట్లాడుకోవడం మంచిది. రాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోలేక కిందకు దింపాల్సి వస్తే టెంటు మడవనిదే బండి కదలదు కూడా.

టెంటు బిగించిన బండ్లను అద్దెకు ఇచ్చేవారు ఇప్పుడు దేశంలో ఉన్నారు. కొనాలనుకునేవారు వారి దగ్గర రెండు రాత్రులు పడుకుని చూడటం మేలు, ఒకటి గాలి ఉన్న చోట, ఒకటి వానలో. ఆ తర్వాత కూడా ఉత్సాహం తగ్గనివారు కప్పు అంకె రాసుకుని దుకాణానికి వెళ్లవచ్చు. ర్యాక్ బిగించాక మొదటి వంద కిలోమీటర్లకే ఆగి ప్రతి బోల్టునూ మళ్లీ స్పానర్‌తో చూడాలి, రాళ్ల దారిలో రోజూ పొద్దున్నే చూడాలి. ఉత్సాహం తగ్గినవారి పరిస్థితీ అంత అన్యాయమేమీ కాదు. వారికి డిక్కీలో నాలుగు కిలోల నేల గుడారం, ఖాళీ కప్పు, చేతిలో లక్ష రూపాయల ఇంధనం మిగులుతాయి.