యువజనులును మత్తుపదార్థములును

2022 వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున అనకాపల్లి సమీపమున రమారమి రెండు లక్షల కిలోల గంజాయిని రాశులుగా పోసి రక్షకభటాధికారులు దగ్ధము గావించిరి. అంతకు ముందు కొన్ని నెలలుగా విశాఖ మన్యమునందు వేలకొలది ఎకరముల గంజాయి తోటలను నరికివేయుట జరిగినది. 2024 లో ఆంధ్రప్రదేశమునందు ‘ఈగిల్’ అను ప్రత్యేకదళ మేర్పడినది. 2025 లో తెలంగాణమునందలి మాదకద్రవ్య నిరోధక విభాగమును ఆ పేరే దాల్చినది. ఈ ప్రయత్నములన్నియు అభినందనీయములు. కాని యింత పంట తగులబడిన పిమ్మటను, ఇన్ని బండ్లు పట్టుబడిన పిమ్మటను, ఊరి చివర పాడుబడిన కట్టడములలో ఆ పొగ యింకను లేచుచునే యున్నది. కొనువాడున్నంత కాలము అమ్మువాడు దారి వెదకుకొనును. ఒక త్రోవ మూసిన వేరొక త్రోవ త్రవ్వును. ఆ కొనువాడు తయారగుచున్నది మన వీధులలో, మన యిండ్లలో, మన పాఠశాలల చెంత. అచట చేయవలసిన పనిని రక్షకభటులపై వదలి మనము నిశ్చింతగా నుండ వీలులేదు.

ఈ వ్యసనమెంత వ్యాపించినదో ఊహింప నక్కరలేదు. కేంద్రప్రభుత్వ సామాజిక న్యాయశాఖ పక్షమున ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థవారు దేశమంతట విచారణ జరిపి 2019 లో నివేదికను ప్రకటించిరి. 10 మొదలు 75 సంవత్సరముల వయస్సు గలవారిలో నూటికి 14.6 మంది మద్యమును, 2.8 మంది గంజాయి, భంగు మున్నగువానిని సేవించుచున్నట్లు అందు తేలినది. ఒక్క విషయమున మాత్రము పిల్లలు పెద్దలను మించిపోయిరి. జిగురు, వైటెనరు, రంగులలో కలుపు థిన్నరు మున్నగువాని వాసన పీల్చి మత్తుగొను అలవాటు పెద్దలలో నూటికి 0.58 మందికి మాత్రమే యుండగా, 10 మొదలు 17 ఏండ్ల వయస్సు గల పిల్లలలో 1.17 మందికి గలదు. అనగా పెద్దలకంటె పిల్లలలో రెండింతలు. ఈ సరకు మన్యమునుండి దిగివచ్చునది కాదు. పుస్తకముల దుకాణమునను, సైకిలు మరమ్మతు కొట్టునను బహిరంగముగా దొరకునది. దీనిని పట్టుకొనుటకు ఏ చెక్‌పోస్టును చాలదు. చూడగలిగినది ఆ కొట్టు యజమాని కన్ను, ఆ బాలుని తల్లి కన్ను, ఉపాధ్యాయుని కన్ను.

పదునాలుగేండ్ల బాలుడు ఒక్కనాడే గంజాయిని వెదకుకొని పోవుట అరుదు. సిగరెట్టు, గుట్కా, పెండ్లిలోనో జాతరలోనో పెద్దలు నవ్వుచు చేతికిచ్చిన సీసా—వ్యసనముయొక్క మొదటి మెట్లు ఇట్టివి. మనుష్యుని మెదడు ఇరువదియైదవ యేటివరకు రూపుదిద్దుకొనుచునే యుండునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఎంత చిన్నతనమున ఆరంభించిన అంత గట్టిగా వ్యసనము పట్టుకొనును. లేతవయస్సున తరచుగా గంజాయి త్రాగువారికి చిత్తచాంచల్యమును, మతిభ్రమణమును కలుగు అపాయ మధికము. కావున తొలి మెట్టు ఎక్కకుండ ఆపుట సులభము. లేదా, ఎక్కు వయస్సును నాలుగేండ్లు వెనుకకు నెట్టుటయైనను గొప్ప లాభము. నివారణోద్యమమునకు లక్ష్యమిదియే కావలెను.

మరి మన మిపుడేమి చేయుచున్నాము? సంవత్సరమున కొకనాడు పిల్లలను ఎండలో నిలువబెట్టి ఊరేగింపు చేయించుచున్నాము. ప్రతిజ్ఞ చదివించి ఛాయాచిత్రము తీసికొనుచున్నాము. ఒక అధికారి వచ్చి మత్తుపదార్థముల పేర్లన్నియు వరుసగా చెప్పి బెదరించి వెడలిపోవుచున్నారు. ఈ పద్ధతియొక్క ఫలమెంతయో ఇతరదేశముల అనుభవమువలన మనకు తెలిసియే యున్నది. 1983 లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరమున ‘డేర్’ అను కార్యక్రమ మారంభమైనది. రక్షకభటులే తరగతులకు పోయి పాఠములు చెప్పిరి. అది ఆ దేశమంతట వ్యాపించి, అపారమైన ధనము వ్యయమైనది. పిమ్మట పండితులు పలుమార్లు పరిశోధించి చూడగా, ఆ పాఠములు విన్న పిల్లలకును విననివారికిని మత్తు వాడుకలో చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. పిల్లవానికి భయము చెప్పి, సాయంకాలము పోవుటకు చోటు చూపనిచో ఆ భయము వారము దినములైన నిలువదు.

దీనికి భిన్నమైన మార్గమును ఉత్తర అట్లాంటిక్ సముద్రమునందలి ఐస్లాండు అను చిన్నదేశము చూపినది. 1998 లో అచట 15, 16 ఏండ్ల విద్యార్థులలో, గడచిన మాసమున ఒక్కసారియైన త్రాగి మైమరచినవారు నూటికి 42 మంది యుండిరి. 2016 నాటికి ఆ సంఖ్య 5 కు దిగినది. ప్రతిదినము సిగరెట్లు కాల్చువారు 23 నుండి 3 కును, ఒకమారైన గంజాయి రుచిచూచినవారు 17 నుండి 7 కును తగ్గిరి. ఇది యెట్లు సాధ్యమైనది? మొదట వారు పిల్లలనే, పేరు వ్రాయనక్కరలేకుండ, ప్రశ్నించి నిజము తెలిసికొనిరి. ఎవరు సాయంకాలములు ఆటలలోను సంగీతమునను గడపుదురో, ఎవరికి తల్లిదండ్రులతో సావాస మెక్కువో, ఎవరు ప్రొద్దుపోయిన పిమ్మట వీధులలో తిరుగరో, ఎవరిని పాఠశాలలో ఆదరించువారు గలరో, వారు మత్తు జోలికి పోవుట తక్కువయని తేలినది.

అంతట పని పంచుకొనిరి. 13 మొదలు 16 ఏండ్ల పిల్లలు శీతకాలమున రాత్రి పదిగంటలు దాటిన పిమ్మటను, వేసవిలో అర్ధరాత్రి దాటిన పిమ్మటను పెద్దలు తోడులేక వెలుపల తిరుగరాదని నియమ మేర్పరచిరి. ప్రతి పాఠశాలకును తల్లిదండ్రుల సంఘముండవలెనని శాసించిరి. పొగాకు 18 ఏండ్ల లోపువారికిని, మద్యము 20 ఏండ్ల లోపువారికిని అమ్మరాదని కట్టుదిట్టము చేసి, వాని ప్రకటనలను నిషేధించిరి. రాజధానీనగరమున ప్రతి కుటుంబమునకును, పిల్లల ఆటపాటలకై పురపాలకసంఘము కొంత ద్రవ్య మొసగెను. తల్లిదండ్రులు తమలో తాము ఒప్పందపత్రములు వ్రాసికొని, ఇరుగుపొరుగు పిల్లలను గూడ తమ పిల్లలవలె కనిపెట్టుదుమని సంతకములు చేసిరి. విచారణ మాత్రము ఒకనాటితో ఆగలేదు. మరల మరల జరిపి, ఏ ఊరి ఫలితములు ఆ ఊరివారికే తెలియజేసిరి. తప్పొప్పులు దిద్దుకొనుటకు వారి కది అద్దమైనది.

అది నాలుగు లక్షల జనమైన లేని ధనికదేశము, కోట్ల జనమున్న మనకు దానితో పోలిక యేమని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. వారి క్రీడామందిరములు మనకు లేవు. కాని ఊరివారు కలసికట్టుగా నిలిచిన మత్తు వ్యాపారమును ఆపవచ్చునను సంగతి మనము ఐస్లాండునుండి నేర్చుకొన నక్కరలేదు. దానిని మన నెల్లూరుజిల్లా స్త్రీలు లోకమునకు నేర్పిరి.

1991 ప్రాంతమున ఆ జిల్లాలో అక్షరాస్యతోద్యమము సాగుచుండెను. పగలెల్ల పొలములో కష్టపడి, రాత్రి పలకపట్టి కూర్చున్న తల్లులు తమ వాచకములో, స్త్రీలు ఏకమై సారాకొట్టును మూయించిన కథను చదివిరి. దూబగుంట గ్రామ స్త్రీలు ఆ పాఠమును పుస్తకములో విడిచిపెట్టక తమ ఊరి సారాకొట్టును మూయించిరి. ఆ వార్త ఊరూర ప్రాకినది. స్త్రీలు పొలిమేరలలో కాపుండి సారా వచ్చు బండ్లను నిలిపిరి. 1992 లో సారా వేలముపాటలు సాగనీయక అడ్డుకొనిరి. 1993 ఏప్రిలులో నెల్లూరుజిల్లాలోను, అక్టోబరు 1 వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. చేత ధనము గాని, అధికారము గాని, వాహనము గాని లేని స్త్రీలు సాధించిన విజయమిది.

కాని 1997 లో ఆ మద్యనిషేధము సడలింపబడినది. పొరుగు రాష్ట్రములనుండి దొంగసరకు వచ్చుచున్నదనియు, ఖజానాకు నష్టము వచ్చుచున్నదనియు కారణములు చెప్పబడినవి. ఈ చరిత్రనుండి గ్రహింపవలసిన నీతి యొకటి గలదు. పొలిమేరలో స్త్రీలు కాపున్నంత కాలము సారాబండి ఊరు చొరలేదు. ఉత్తరువు వచ్చినది గదా యని కాపు సడలిన పిమ్మట, ఆ ఉత్తరువును కాపాడు చేతులు కరవైనవి. శాసనము ఊరి కృషికి బలమీయగలదు; ఊరి కృషికి బదులు నిలువలేదు. అబ్కారీ ఆదాయమునకు అలవాటుపడిన ప్రభుత్వముల సంగతి సరేసరి. మద్యనిషేధమునకు యత్నింపవలెనని రాజ్యాంగముయొక్క 47 వ అధికరణము ఆదేశించుచునే యున్నది. ప్రభుత్వములు ఏటేట మద్యపు రాబడిని లెక్కించుకొనుచునే యున్నవి.

ఇక మనమేమి చేయవలెను? మొదటిది, ప్రతి పాఠశాల చెంతను తల్లిదండ్రులు సంఘముగా కూడవలెను. నెలకొకమారు కలిసికొని, ఏ పిల్లవాడు బడి మానుచున్నాడో, ఎవరి సహవాసము మారినదో, ఎవరికి చేతిఖర్చు హెచ్చినదో మాటాడుకొనవలెను. మావాడు అట్టివాడు కాడని ప్రతి తల్లియు అనుకొనును. పొరుగు తల్లికి తెలిసినది తనకు తెలియకపోవుట ఎన్ని యిండ్లలో లేదు? ఆడపిల్లల విషయమునను ఈ మెలకువ అవసరము. సాయంకాలపు భోజనము వేళకు పిల్లలు ఇంట నుండవలెనను చిన్ననియమమును పదియిండ్లవారు కలసి పాటించినచో, ఒక్క యింటి పిల్లవానికి అది కఠినముగా తోచదు.

రెండవది, అంగడి. విద్యాలయమునకు నూరు గజములలోపున పొగాకు పదార్థములు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. పదునెనిమిదేండ్లు నిండనివారికి ఎచటను అమ్మరాదు. పిల్లలకు మద్యము గాని మత్తుపదార్థము గాని ఇచ్చువారికి ఏడేండ్లవరకు కఠినశిక్ష విధింపవచ్చునని 2015 నాటి బాలల న్యాయచట్టము శాసించినది. ఈ చట్టములు పుస్తకములలో భద్రముగా నున్నవి. బడిగేటు కెదురుగా నున్న బడ్డీకొట్టువాడు మనకు పరాయివాడు కాడు; వాని పిల్లలును ఆ బడిలోనే చదువుచుందురు. ఊరిపెద్దలు, స్వయంసహాయక సంఘముల స్త్రీలు పోయి మొదట మంచిగా చెప్పవలెను. వినడేని ఫిర్యాదు చేయుటకు వెనుదీయరాదు.

మూడవది, సాయంకాలము. పిల్లల చేత నున్నదానిని లాగివేసి శూన్యమును చూపినచో ప్రయోజనము లేదు. ఒకప్పుడు ఊరూర చెడుగుడు బరియు, భజనమండలియు, గ్రంథాలయమును ఉండెడివి. నేడు ఆటస్థలములు ఇండ్లస్థలములై పోయినవి. బడి ముగియగనే ఆవరణమునకు తాళము పడుచున్నది. ఆ తాళమును రాత్రి ఎనిమిదిగంటలవరకు తీసియుంచి, ఒక బంతియు, ఒక దీపమును, బాధ్యతగల ఒక పెద్దవానిని అచట నుంచుటకు కోట్లు అక్కరలేదు.

నాలుగవది, ఇదివరకే చిక్కుకొన్నవానిని గూర్చిన మన దృష్టి మారవలెను. మద్యమునకు పూర్తిగా బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికి మాత్రమే ఏదో యొక చికిత్స లభించుచున్నదని మీద చెప్పిన నివేదికయే తెల్పుచున్నది. తక్కిన 37 మందిని మూసి పెట్టినదానిలో లజ్జ పాలు తక్కువ కాదు. కొడుకు సంగతి తెలిసిన తండ్రి మొదట కొట్టును, పిమ్మట దాచును, చివరకు చేయి దాటిన పిమ్మట ఏడ్చును. స్వచ్ఛందముగా చికిత్సకు లోబడు వ్యసనపరుని, నిర్ణీత నిబంధనలకు లోబడి, ప్రాసిక్యూషను నుండి తప్పించు వీలు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టముననే, 64-ఎ సెక్షనులో గలదు. 14446 అను ఉచిత టెలిఫోను సంఖ్య ద్వారా సలహా పొందవచ్చును. ఈ రెండు సంగతులును ప్రతి పంచాయతి గోడపైనను వ్రాయదగినవి. అమ్మి బాగుపడువానికి శిక్షయు, తిని చెడిపోవువానికి చికిత్సయు—ఈ భేదమును ఊరు మరువరాదు.

ప్రభుత్వము చేయవలసినది గూడ మిగిలియున్నది. ప్రతి జిల్లా ఆసుపత్రిలోను యువజనులకు వేరుగా చికిత్సాలయ ముండవలెను. మద్యపు రాబడిలో ఒక నిర్ణీతభాగమును ఆటస్థలములకును చికిత్సకును వేరుచేసి, లెక్క ప్రజలముందుంచవలెను. గంజాయి విడిచిన మన్యపు రైతుకు కాఫీ, మిరియము మున్నగు పంటలు చేతికి వచ్చువరకు బత్తెము చూపవలెను. లేనిచో దళారి మరల వాని గుమ్మమున నిలుచును. మూడు నాలుగేండ్ల కొకసారి పాఠశాలలలో గోప్యముగా విచారణ జరిపి, ఫలితములను ఏ మండలమున కా మండలము తెలియజేయవలెను. ఎన్ని కిలోలు పట్టుబడినవను లెక్కతోబాటు, ఎందరు పిల్లలు తొలిమెట్టు ఎక్కకుండ నిలిచిరను లెక్కయు మనకు కావలెను.

ఒక్క సంవత్సరమున ఫలము కనబడదు. ఐస్లాండునకు ఇరువదియేండ్లు పట్టినది. అందుచేతనే నేడు ఆరంభింపవలెను. ఆంధ్ర తెలంగాణములందలి ప్రతి పాఠశాల ప్రధానోపాధ్యాయుడును, ప్రతి సర్పంచియు ఈ మాసముననే ఒక సాయంకాలము తల్లిదండ్రులను పిలిచి, ఒక్క ప్రశ్న అడుగవలెనని మా కోరిక: మన పిల్లలు బడి విడిచినది మొదలు ఇల్లు చేరువరకు ఎచట నుందురు? ఈ ప్రశ్నకు ఆ సభలోనివారెల్లరు నిజమైన సమాధానము చెప్పగలిగిననాడు సగము పని జరిగినట్లే. చెప్పలేనిచో, ఆ సమాధానమును వెదకుటయే ఆ ఊరి మొదటి కర్తవ్యము.