రక్తపరీక్ష తీర్పు కాదు, హెచ్చరిక

కాలేయపు క్యాన్సరు సోకినవారి బంధువులు రక్తపరీక్షా పత్రమును చేతబట్టుకొని వైద్యుని అడుగు మొదటి ప్రశ్న, "ఇంకెంత కాలమండీ?" అనునదే. ఆ అంకెలే ఆయుర్దాయమును నిర్ణయించునని పలువురి నమ్మకము. అది సరికాదని నా అభిప్రాయము.

రక్తములో ఆల్ఫా ఫీటోప్రోటీను మిక్కిలి హెచ్చినచో వ్యాధి ముదిరినదని వైద్యులు శంకింతురు. అయితే క్యాన్సరున్న కొందరిలో అది హెచ్చదు. గర్భిణులలోను, కాలేయపు వాపున్న వారిలోను క్యాన్సరు లేకయే హెచ్చవచ్చును. ఆల్బుమిను తగ్గుట, బిలిరుబిను పెరుగుట కాలేయశక్తి సన్నగిల్లుటకు గుర్తులు. రోగి ఏ చికిత్సకు తట్టుకొనగలడో తెలియుటకు ఇవి తోడ్పడును. గడ్డ పరిమాణము, వ్యాప్తి, రోగి బలము చూడక ఏ ఒక్క అంకెయు భవిష్యత్తును చెప్పజాలదు.

అన్నిటికంటె విలువైన గుర్తు క్యాన్సరు రాకముందే రక్తములో కనబడును. అది హెపటైటిస్ బి వైరసు పైపొరలోని పదార్థము. పరీక్షా పత్రములలో దానిని హెచ్.బి.ఎస్. ఏజీ అని వ్రాయుదురు. అది ఆరు నెలలకు మించి నిలిచినచో వ్యాధి దీర్ఘకాలికమైనదని అర్థము. అట్టివారిలో కొందరికి కాలక్రమమున కాలేయము గట్టిపడి క్యాన్సరు కలుగును.

అండమాన్ నికోబార్ దీవులవారు ఈ విషయమును ప్రత్యేకముగ గమనింపవలెను. పోర్టు బ్లెయిరులోని (2024 నుండి శ్రీ విజయపురము) భారత వైద్య పరిశోధనా మండలి కేంద్రము వారి పరిశీలనలలో, నికోబారీ ప్రజలలో నూటికి 20 మందికి పైగా ఈ గుర్తు కనబడినది. నూటికి 8 మందిలో నున్నను అధికవ్యాప్తిగనే ఎంచుదురు. దూరపు దీవి నుండి ఓడనెక్కి పెద్దాసుపత్రికి చేరవలసిన వారికి, వ్యాధి ముదిరిన పిదప బయలుదేరుట ఎంత నష్టమో చెప్పనక్కరలేదు.

నివారణోపాయము మన చేతిలోనే కలదు. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఈ వ్యాధికి స్వదేశీ టీకాను విడుదల చేసినది. శిశువు జన్మించిన 24 గంటలలో మొదటి మోతాదు వేయింపవలెను. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద పరీక్షయు మందులును ఉచితము. గుర్తు కనబడినవారు వైద్యుని సలహాపై ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకొనవలెను. కలిసి భుజించుటచే ఈ వ్యాధి అంటదు. కావున రోగిని వెలివేయరాదు.

రోగము ముదిరిన పిదప అంకెలను చూచి భయపడుటకంటె, ఆరోగ్యముగ నున్నప్పుడే ఒక్కసారి రక్తమును పరీక్ష చేయించుకొనుట మేలు.