అణువ్యర్థాలు - ఊరి అంగీకారం

పొయ్యి వెలిగించిన ఇల్లాలికి బూడిద ఎక్కడ పోయవలెనో తెలుసు. అణువిద్యుత్తును వెలిగించిన దేశాలలో చాలవాటికి నేటికీ అది తెలియదు. ఆ బూడిదలోని ప్లుటోనియం రేడియోధార్మికత సగానికి తగ్గడానికే 24,000 సంవత్సరాలు పడుతుంది. కనుక దానిని భూగర్భంలో, కదలిక లేని శిలల నడుమ భద్రపరచడమే మేలని శాస్త్రజ్ఞులు చాలవరకు ఏకీభవించినారు. ఎంత లోతున, ఏ రాతిలో అన్నది వారు తేల్చవలసిన విషయం. ఎవరి ఊరి క్రింద అన్నది మాత్రం ఆ ఊరిని అడిగి తేల్చవలసినదని మేము భావిస్తున్నాము.

ఫిన్లండును చూడండి. స్థానిక మండలి కాదంటే ఇటువంటి నిర్మాణం సాగరాదని 1987 నాటి చట్టమే శాసించినది. యూరాయోకి మండలి 2000లో సమ్మతించిన పిమ్మటనే 2001లో పార్లమెంటు ఆమోదించినది. ఆపై ఓల్కిలువోటో ద్వీపంలో, సుమారు 190 కోట్ల ఏండ్ల నాటి శిలలో, 400 మీటర్లకు పైగా లోతున సొరంగాలు తొలిచినారు. వాడిన ఇంధనాన్ని పోత ఇనుములో అమర్చి, రాగి పేటికలో మూసి, చుట్టూ తడి తగిలితే ఉబ్బే బెంటొనైటు మట్టి కూరడం వారి పద్ధతి. పేటిక చెడితే మట్టి, మట్టి చెడితే రాయి అడ్డుపడవలెనన్నమాట. ఆ ఊరికి అణుకేంద్రం అప్పటికే పాతచుట్టం. పన్నుల రాబడీ ఉన్నది. అయినను అడిగినారు.

అమెరికా 1987లో నెవాడాలోని యుక్కా పర్వతాన్ని ఒక్కదానినే పరిశీలనకు నిర్ణయించినది. 2002లో ఆ రాష్ట్ర గవర్నరు నిరాకరించగా కాంగ్రెసు దానిని త్రోసిపుచ్చినది. వందల కోట్ల డాలర్లు వ్యయమైన తరువాత, 2010లో ప్రభుత్వమే విరమించుకొన్నది. జర్మనీ సంగతి మరొక తీరు: ఆస్సె ఉప్పుగనిలో 1967-78 నడుమ పడవేసిన లక్షకు పైబడిన పీపాలను, గనిలోనికి నీరు చొరబడుతున్నందున, మరల వెలికి తీయవలెనని నిర్ణయించవలసి వచ్చినది.

మన దేశంలో వాడిన ఇంధనాన్ని శుద్ధిచేసి, మిగిలిన తీవ్రవ్యర్థాన్ని గాజుగా మార్చి నిలువ ఉంచుతున్నారు. శాశ్వత భూగర్భ నిలయం ఇంకను లేదు. కాని 2012లో సుప్రీంకోర్టులో కూడంకుళం వ్యాజ్యం సందర్భంగా, తెలుగు వారు కూడ నివసించే కోలారు బంగారు గనుల పేరు వినబడినది. ప్రజలు వీధులకెక్కినారు. అట్టి ఉద్దేశం లేదని అధికారులు కొద్దిరోజులకే ప్రకటించవలసి వచ్చినది. తమ ఊరి పేరు ఆ ప్రజలు పత్రికలలో చదివి తెలుసుకొనవలసినదేనా?

అడిగితే ఎవరు ఒప్పుకొంటారని కొందరి వాదన. స్వీడనులోని ఓస్త్‌హమ్మర్ మండలి 2020లో ఒప్పుకొన్నది. మనకును నిలయపు స్థలం పేరు వెలువడక ముందే, స్థానిక సభకు కాదనే హక్కునిచ్చే చట్టం రావలెనని మేము కోరుతున్నాము.