గది బాగుంది.. గడపే ఎక్కనివ్వలేదు

బళ్లారిలో రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి బెంగళూరులో దిగుతాం. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసినప్పటి నుంచి పెద్దాసుపత్రికైనా, విధానసౌధలో పనికైనా మనం వెళ్లాల్సింది అక్కడికే. పొద్దున దిగి, పని చూసుకుని, మర్నాడు రాత్రి బండికి తిరిగిరావడం మనవాళ్లకు అలవాటు. కానీ ఈ మధ్య నగరంలో బస చేసే పద్ధతి మన రైలు టైముతో పొసగడం లేదు.

మొన్న అమ్మకు కళ్ల పరీక్ష ఉండి వెళ్లాం. మెజెస్టిక్ లాడ్జిల్లో మెట్లు ఎక్కలేదని, మేనల్లుడు ఫోన్లోనే బసవనగుడిలో ఒక బుటిక్ హోటల్ బుక్ చేశాడు. "బుటిక్ అంటే జాకెట్లు కుట్టే కొట్టు కదరా, అక్కడ పడుకునేదేంది?" అంది అమ్మ. తీరా వెళితే పాతకాలపు ఇల్లు. బాగుచేసి పది గదులు తీశారు. ఎర్ర గచ్చు, వసారాలో పేము కుర్చీలు, గుమ్మంలో ఇత్తడి గంగాళంలో పూలు. అద్దె కూడా మనకు అందేదే.

అంతా బాగుంది. ఆరున్నరకు గుమ్మంలో నిలబడితే కౌంటర్లోని కుర్రాడు "చెకిన్ ఒంటిగంటకు సార్" అన్నాడు. తొమ్మిదికి డాక్టరు దగ్గర ఉండాలి. పెద్దావిడ మొహం కడుక్కోవాలి, స్నానం చేయాలి. గది ఖాళీగానే ఉందట. ఇప్పుడే కావాలంటే సగం రోజు అద్దె అదనం అన్నాడు. కట్టాం. మర్నాడు పదకొండుకే ఖాళీ చేయమన్నారు. మన బండేమో రాత్రికి. సంచులు వాళ్ల దగ్గరే పెట్టి, పగలంతా అమ్మతో పార్కు బెంచీల మీద గడిపాను.

తప్పు కుర్రాడిది కాదు. మదనపల్లె వైపు వాడు. "అవ్వా, నిదానం" అంటూ చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాడు. గదీ శుభ్రమే, దుప్పట్లూ శుభ్రమే, ఇడ్లీ ఇంట్లో చేసినట్టే ఉంది. తప్పల్లా ఆ టైము లెక్కలో ఉంది. ఒంటిగంట నుంచి పదకొండు దాకా అనే లెక్క కార్లో వచ్చేవాడికి సరిపోతుంది. రాత్రి రైళ్లలో తిరిగే మనకు సరిపోదు. మెజెస్టిక్ లాడ్జీలు చాలావాటిలో గోడలు పెచ్చులూడినా లెక్క మాత్రం న్యాయంగా ఉండేది. ఎప్పుడు దిగితే అప్పటి నుంచి 24 గంటలు!

గది ఊడ్చి, దుప్పట్లు మార్చడానికి టైము కావాలని హోటలువాళ్లు అంటారు. నిజమే. వంద గదులున్నచోట అందరికీ ఒకే నియమం పెట్టక తప్పదేమో. పది గదులున్నవాడికి ఏ గది ఖాళీయో ముందురోజు రాత్రే తెలియదా? రెండు గదులు 24 గంటల లెక్కకు వదిలితే నష్టమేంటి? అదీ కుదరదంటే, పొద్దున దిగినవాళ్లు స్నానం చేసి నడుం వాల్చడానికి ఒక గది ఉంచి, దానికింత అని బోర్డు పెట్టొచ్చు. చిన్న హోటల్ గొప్పదనం మనిషిని మనిషిగా చూడటంలో ఉంది గానీ గంగాళంలో పూలలో కాదు. బెంగళూరు రైల్వే స్టేషన్ దగ్గర గుబ్బి తోటదప్ప సత్రం వందేళ్లకు పైగా నిలిచి ఉంది. రైలు దిగినవాడికి ముందు తల దాచుకునే చోటు కావాలని ఆ మహానుభావుడికి ఎప్పుడో తెలుసు.

మనమూ నేర్చుకోవాలి. ఫోటోలు చూసి మురిసిపోయి డబ్బు కట్టేయకుండా, నేరుగా హోటలుకే ఫోన్ చేసి మూడు సంగతులు అడగాలి. పొద్దున ఆరింటికి గది ఇస్తారా? ముందొస్తే అదనం ఎంత? చెప్పిన ధరలో పన్ను కలిసిందా? రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఎంత వేశారో చూసుకోండి.

వచ్చే నెల మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. ఈసారి "ఆ ఇల్లే బాగుంది, అక్కడికే పోదాం. కానీ పొద్దున్నే తలుపు తీస్తారేమో ముందు కనుక్కో" అంటోంది అమ్మ. కౌంటర్లో కూర్చునేవాళ్లకు మనవాళ్లంతా ఈ మాటే చెబితే వాళ్ల టైము లెక్క మారకపోదు.