పర్యాటకుల సొమ్ము జింకల దాకా చేరేదెలా?

నిజామాబాద్: శ్రీరాంసాగర్ జలాశయంలో నీరు వెనక్కి తగ్గే కాలంలో నందిపేట మండలం వైపు తేలే పచ్చిక బయళ్లలో కృష్ణజింకల మందలు మేస్తుంటాయి. శీతకాలంలో వలస పక్షులు దిగుతాయి. వీటిని చూసేందుకు నిజామాబాద్, ఆర్మూర్‌ల నుంచే గాక హైదరాబాద్ నుంచీ వాహనాలు వస్తుంటాయి. వాహన యజమానికి కిరాయి ముడుతుంది. దారిలోని హోటళ్లకు, పెట్రోలు బంకులకు బేరం దక్కుతుంది. జింకలకు, వాటి మేత భూమికి, పక్కనే పంట వేసుకున్న రైతుకు ఆ సొమ్ములో వాటా చేర్చే చట్టబద్ధమైన ఏర్పాటు మాత్రం లేదు.

వన్యప్రాణులను చూపి వ్యాపారం చేసే సంస్థలు సంపాదనలో కొంత వాటి రక్షణకే మళ్లించడం కొత్త ఆలోచనేమీ కాదు. ఆస్ట్రేలియాకు చెందిన ఇంట్రెపిడ్ యాత్రా సంస్థ 2002లోనే ఇందుకోసం ఒక ఫౌండేషన్‌ను నెలకొల్పింది. యాత్రికులు ఇచ్చే విరాళాలకు సంస్థ తన వంతు జతచేసి, పర్యావరణ, సామాజిక సేవా సంస్థలకు అందజేస్తుంది. మన దేశంలో పులుల అడవుల విషయంలో ఇది దాతల ఇష్టానికి వదిలిన వ్యవహారం కాదు. 2006లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ప్రతి టైగర్ రిజర్వుకూ ఒక ఫౌండేషన్ ఉండాలి. పర్యాటకుల ప్రవేశ రుసుం అందులో జమ కావాలి. 2012 జులైలో పులుల కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని సుప్రీంకోర్టు తాత్కాలికంగా నిలిపివేసింది. అదే ఏడాది అక్టోబరులో కొత్త మార్గదర్శకాలు వెలువడ్డాకే తిరిగి అనుమతించింది. పర్యాటక పరిశ్రమ నుంచి సంరక్షణ రుసుం వసూలు చేసి స్థానికుల అభివృద్ధికి వెచ్చించాలన్నది ఆ మార్గదర్శకాల్లో ఒకటి.

గోదావరి దాటితే జన్నారం అడవుల్లోని కవ్వాల్ 2012 నుంచి టైగర్ రిజర్వే. నల్లమలలోని అమ్రాబాద్‌లో అటవీశాఖ 2021 చివర్లో సఫారీ, బసతో కూడిన యాత్రను ప్రారంభించింది. చెంచు యువకులకు గైడ్లుగా పని కల్పించింది. అడవి నిలిస్తేనే తమ జీతం నిలుస్తుందన్న లెక్క అక్కడి కుటుంబాలకు ప్రత్యక్షంగా కనిపిస్తుంది. ఏ విరాళం కంటేనైనా ఈ ఏర్పాటే బలమైనది.

నిజామాబాద్ పరిస్థితి వేరు. నిజాంసాగర్ ప్రాజెక్టు 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనలో కామారెడ్డికి వెళ్లింది. పోచారం అభయారణ్యం మెదక్, కామారెడ్డి జిల్లాల పరిధిలో ఉంది. ఇక్కడ మిగిలినవి ప్రధానంగా శ్రీరాంసాగర్ వెనుక జలాలు, బోధన్ వైపు అలీసాగర్, జానకంపేట వద్ద అశోక్‌సాగర్. వెనుక జలాల ప్రాంతం అభయారణ్యం కాదు, టైగర్ రిజర్వు అంతకన్నా కాదు. కృష్ణజింకకు చట్టం అత్యున్నత రక్షణ కల్పించింది గానీ అది తిరిగే నేలకు అలాంటి హోదా లేదు. కాబట్టి రుసుం వసూలు చేసే గేటూ లేదు, జమ చేసే ఖాతా కూడా లేదు.

ట్రావెల్స్ సంస్థలే స్వచ్ఛందంగా ముందుకు రావచ్చు కదా అన్న ప్రశ్న సహజం. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలంటుంది. వన్యప్రాణుల రక్షణ, పర్యావరణ సమతుల్యత ఆ జాబితాలో ఉన్నాయి. అయితే అది 5 కోట్ల నికర లాభం, లేదా 500 కోట్ల నికర విలువ, లేదా 1000 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలకే వర్తిస్తుంది. నాలుగు కార్లు, రెండు మినీ బస్సులు నడిపే యజమాని దాని పరిధిలోకి రాడు. పైగా ఈ జిల్లాలో ట్రావెల్స్ బోర్డు చూడగానే జనానికి ముందు గుర్తొచ్చేవి గల్ఫ్ టికెట్లు, ఆ తర్వాత షిర్డీ, బాసర యాత్రలు. పక్షులను చూపే యాత్ర ఆ వరుసలో ఎక్కడో చివరన ఉంటుంది. అలాంటివారి నుంచి భారీ విరాళాలు ఆశించడం అత్యాశే. వారు చేయగలిగిన మేలు మరొకటుంది. వాహనాన్ని పచ్చికలోకి దించకపోవడం, మందల వెంట పరుగెత్తించకపోవడం. నీరు తగ్గిన నేలపైనే గుడ్లు పెట్టే పక్షులున్నాయి. ఒక్క టైరు చాలు, ఆ గూళ్లు ఛిద్రం కావడానికి. ఇందుకు రూపాయి ఖర్చు లేదు.

అసలు చిక్కు రైతు దగ్గర ఉంది. నీరు తగ్గాక బయటపడిన నేలలో పైరు వేసేవారికి, ఒడ్డున పట్టా భూములున్నవారికి జింకల మంద అందమైన దృశ్యం కాదు, పంట నష్టం. పట్టణవాసి ఫొటో తీసుకుని వెళ్లే జింక రాత్రికి ఎవరి చేలో మేసిందో అడిగేవారుండరు. పర్యాటకం ద్వారా వచ్చే మొదటి రూపాయి బోర్డులకు, బెంచీలకు కాక ఈ నష్టానికి వెళ్తేనే ఊరి సహకారం దక్కుతుంది.

చట్టంలో దారి లేకపోలేదు. 2002 సవరణతో వచ్చిన 36ఎ సెక్షన్ కింద ప్రభుత్వ భూములను, స్థానికులతో సంప్రదించాక, కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించవచ్చు. దాని నిర్వహణ కమిటీలో పరిధిలోని ప్రతి గ్రామ పంచాయతీకీ ఒక ప్రతినిధి, వన్యప్రాణి రక్షణ సంస్థల నుంచి ముగ్గురు, వ్యవసాయ, పశుసంవర్ధక శాఖల నుంచి ఒక్కొక్కరు ఉంటారు. జలాశయం కోసం సేకరించిన భూమి ప్రభుత్వానిదే గనుక ఈ హోదాకు అవకాశం ఉంది. అటవీశాఖ, నీటిపారుదల శాఖ ఒకే మాట మీదికి రావడమే ముందుగా జరగాల్సిన పని.

బోధన్‌కూ ఇది సంబంధం లేని సంగతి కాదు. నిజాంసాగర్ నీటితో చెరకు పండించి, నిజాం షుగర్స్ చుట్టూ బతికిన ప్రాంతమది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక ప్రత్యామ్నాయ ఉపాధిగా అలీసాగర్, మంజీరా తీరాల పర్యాటకాన్ని ప్రస్తావించేవారున్నారు. మంజీరా నుంచి ఇసుక లారీలు వెళ్తున్నంత కాలం ఆ తీరంలో పర్యాటకులకు చూపేందుకు ఏమి మిగులుతుందన్నది వారు చెప్పాలి. శ్రీరాంసాగర్ వెనుక జలాల విషయంలోనైనా జింకలు, పచ్చిక ఉండగానే పంచాయతీల అభిప్రాయం అడగడం మంచిది.